మెట్ల బావిలో బాప్తిస్మం

మిషన్ వాళ్ళ లారీలో చేసిన మొదటి ప్రయాణంలోనే, హైదరాబాదు పాతబస్తీలోని జహనుమా ఇళ్ళు ఇంకా కనిపిస్తుండగానే, నాకు వాంతి అయింది. ముందు డ్రైవరు పక్కన పాదిరి దొర కూర్చున్నాడు. వెనక మందుల పెట్టెల మధ్య నేనూ, డాక్టరమ్మా ఉన్నాం. ఇంట్లో ఏమీ తినకుండా బయల్దేరిందేమో, ఆమె దారిలోనే ఒక రేకు డబ్బా మూత కోసి, నూనెలో నానుతున్న చేపలను తీసి రొట్టె మీద పరుచుకుంది. ఏ సముద్రంలో ఎప్పుడు పట్టారో, ఎన్నాళ్ళు ఓడలో వచ్చాయో తెలియని చల్లని చేపలు. ఆ నూనె ఆమె గౌను మీదా, గాయాలకు కట్టే బట్ట చుట్టల మీదా చుక్కలు చుక్కలుగా పడుతోంది. మర్యాదకు నాకూ ఒక ముక్క ఇవ్వబోయింది. నేను లారీ బయటికి తల పెట్టి కక్కేశాను.

పాదిరి దొర వెనక్కి తిరిగి, జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఈమెకు ఏదైనా అంటురోగం ఉందా?" అని డాక్టరమ్మను ఇంగ్లీషులో అడిగాడు. నాకు ఇంగ్లీషు వచ్చని అతనికి తెలుసు. నన్ను పనిలో పెట్టుకున్నదే అందుకు.

మాది శాలిబండలో పాల ఇల్లు. ముందు రెండు గదులు, వెనక బర్రెల కొట్టం. నేను చిన్నప్పుడు మిషన్ వాళ్ళ ఆడపిల్లల బడిలో చదువుకున్నాను. పెళ్ళయి అత్తవారింటికి వెళ్ళిన కొద్ది కాలానికే ప్లేగు వచ్చి నా భర్తను తీసుకుపోయింది. బాపు నన్ను తిరిగి ఇంటికి తెచ్చుకున్నాడు. పొద్దస్తమానం పిడకలు కొట్టుకుంటూ కూర్చుంటే మనసు ఏమైపోతుందో అని బడిలో నాకు చదువు చెప్పిన పంతులమ్మ నన్ను డాక్టరమ్మ దగ్గరికి పంపింది. డాక్టరమ్మ పరాయి దేశం మనిషి. పుస్తకాల్లో నేర్చుకున్న ఆమె తెలుగు మా వాళ్ళకు అర్థమయ్యేది కాదు, మా వాళ్ళ తెలుగు ఆమెకు అసలే అర్థమయ్యేది కాదు. తెలుగూ, గల్లీలో పుట్టినందుకు వచ్చిన దక్కనీ ఉర్దూ, బడిలో నేర్చిన ఇంగ్లీషూ, మూడూ తెలిసిన ఆడమనిషి ఆమెకు కావలసి వచ్చింది.

"దొరలతోని లారీల ఊర్లు తిరుగుతదా? నలుగురు ఏమంటరు?" అంది అమ్మ.

బాపు వెళ్ళి మిషన్ లారీ నడిపే భాయ్‌ని పిలుచుకొచ్చాడు. ఆయనది మా గల్లీయే. మా బర్రెల పాలు తాగే ఆయన పిల్లలు పెరిగారు. ఆయన వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"నీ మీద యకీన్‌తోని పంపుతున్న భాయ్," అన్నాడు బాపు.

"ఫికర్ చెయ్యకు. మా చెల్లె వస్తే ఎట్ల సూస్కుంటనో గట్లనే సూస్కుంట," అన్నాడాయన. అట్లాగే చూసుకున్నాడు కూడా. మర్నాడు అమ్మే నాకు సద్ది కట్టి ఇచ్చింది.

ఊళ్ళు తిరగని కాలంలో పాతబస్తీలోనే పని ఉండేది. మిషన్ వాళ్ళు జహనుమాలో నవాబుల కాలం నాటి బంగళా, ఒక పాత దేవిడీలో సగభాగం అద్దెకు తీసుకుని ఉండేవాళ్ళు. మధ్యాహ్నం పూట డాక్టరమ్మా నేనూ టాంగా కట్టించుకుని, ఆడవాళ్ళు గడప దాటని పరదా ఇళ్ళకు వెళ్ళేవాళ్ళం. ఆడవాళ్ళు పాన్‌దాన్ ముందుకు జరిపి, మంచం మీద దుప్పటి పరిచి మమ్మల్ని కూర్చోబెట్టేవారు. ఒక ఇంట్లో ముసలమ్మకు కంటి రెప్ప లోపల పుండు లేచింది. మందు వేశాక డాక్టరమ్మ సంచిలోంచి బైబిలు తీయబోతే ఆ ముసలమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, "దవా దేవ్ బీబీ, వాజ్ నక్కో," అంది. మందియ్యి చాలు, ప్రసంగం వద్దు అని. నేను ఇంగ్లీషులో చెప్పేలోపే డాక్టరమ్మకు అర్థమైపోయింది. నవ్వి, పుస్తకాన్ని లోపల పెట్టేసింది. ఆరోజు ఆమె నాకు నచ్చింది.

దేవిడీకి తిరిగి వచ్చాక మాత్రం గడపలోనే ఒక బేసిన్‌లో క్రిములను చంపే కార్బాలిక్ నీళ్ళు ఉండేవి. వాటిలో మోచేతుల దాకా కడుక్కోకుండా మమ్మల్ని లోపలికి రానిచ్చేవాడు కాదు పాదిరి దొర. రోగుల దగ్గరి నుంచి వచ్చాం కనుక కడుక్కోవడం మంచిదే. కానీ రోగులు లేని ఇంటికి, ఒట్టి పలకరింపుకు వెళ్ళి వచ్చినా కడుక్కోవలసిందే. "వాళ్ళ ఇళ్ళలో కూర్చుని వచ్చారుగా," అనేవాడు. ఆ వాళ్ళల్లో నేనూ ఉన్నానని అతనికి ఎప్పుడూ తట్టలేదు. ఒక్కోసారి మా కొట్టం నుంచి నేరుగా పనికి వచ్చేదాన్ని. నా చీర కుచ్చిళ్ళలో పేడ వాసన ఉంటుందని కిటికీ తెరిపించేవాడు. నాకు పేడ వాసన ఏనాడూ చెడ్డదనిపించలేదు. అతని బూట్లలోంచి, రోజుల తరబడి ఉతకని ఉన్ని మేజోళ్ళలోంచి వాసన వస్తే మాత్రం నేనే కిటికీ దగ్గరికి జరిగేదాన్ని.

చలికాలం రాగానే లారీకి డేరాలు, మడత మంచాలు, హార్మోనియం, మందుల పెట్టెలు ఎక్కించేవాళ్ళు. అఫ్జల్‌గంజ్ దుకాణాల నుంచి రేకు డబ్బాల్లో మాంసం, చేపలు, జాము వచ్చేవి. వాటన్నిటితో పాటు కమోడు పెట్టె ఒకటి ఎక్కేది. దొరలు దొడ్డికి కూర్చునేందుకు కుర్చీలా ఉండి, లోపల ఎనామిల్ గిన్నె ఉండే పెట్టె. దాన్ని నా కాళ్ళ దగ్గరే పెట్టేవాళ్ళు. కడిగామనే అనేవాళ్ళు. ఎండ ఎక్కేకొద్దీ, లారీ కుదుపులకు మూత కదిలేకొద్దీ, ఎంత కడిగారో నాకు తెలిసేది. ముక్కుకు కొంగు చుట్టుకుని, కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చునేదాన్ని. ఏ ఊరు వెళ్ళినా దొర చేయించే మొదటి పని ఒకటే. ఆ గిన్నె ఎత్తిపోయడానికి వాడలోంచి ఒక ఆడమనిషిని పిలిపించడం.

ఆ ఏడు పాలమూరు పోయే దారిలో ఒక ఊరి బయట, మాదిగవాడను ఆనుకుని డేరాలు వేశాం. వాడకు ఒక మెట్ల బావి ఉంది. మెట్లు దిగి నీళ్ళలోకి కాలు పెట్టి కుండ ముంచుకోవాలి. ఊళ్ళో పటేలుకు గిలక బావి ఉంది కానీ దాని దరిదాపులకు వాడవాళ్ళను రానివ్వరు. దొరలకు తాగే నీళ్ళు పటేలు బావి నుంచే పటేలు మనిషి తెచ్చి పోసేవాడు. వాటిని కాచి, ఫిల్టరులో పోసి మరీ తాగేవాళ్ళు. ఫిల్టరు చిన్నది, వాళ్ళకే సరిపోయేది. నేనూ భాయ్ మెట్ల బావి నీళ్ళు తెచ్చుకుని తాగాం.

కమోడు గిన్నె ఎత్తడానికి వచ్చిన ఆమెకు నాకంటే నాలుగైదేళ్ళు ఎక్కువ ఉంటాయేమో. నల్లగా, బలంగా ఉండేది. మాట నెమ్మది. నేను ఆమెను అక్కా అని పిలిస్తే మొదటి రోజు చుట్టూ చూసింది, ఎవరిని పిలుస్తున్నానో అని. పొద్దున్నే గిన్నె ఎత్తిపోసి, కడిగి, బోర్లించి వెళ్ళేది. సాయంత్రం స్నానం చేసి, తల దువ్వుకుని, ప్రసంగానికి అందరికన్నా ముందు వరసలో వచ్చి కూర్చునేది. దొర హార్మోనియం పక్కన నిలబడి, దేవుని ముందు ఎక్కువ తక్కువలు లేవని, మనుషులంతా ఒక్క తండ్రి బిడ్డలని చెప్పేవాడు. నేను తెలుగులో చెప్పేదాన్ని. ఆమె కళ్ళార్పకుండా వినేది. ఒకరోజు పొద్దున ఆమె గిన్నె పట్టుకుని డేరా వెనక నుంచి వస్తోంది. అప్పుడే దొర బయటికి వచ్చాడు. ఆమెను చూసి ఆగిపోయి, జేబురుమాలు ముక్కుకు పెట్టుకుని, మొహం అవతలికి తిప్పుకుని, ఆమె దాటిపోయేదాకా అలాగే నిలబడ్డాడు. ఆమె ఎత్తుకుపోతున్నది అతనిదే.

ఆ సాయంత్రం అదే ప్రసంగాన్ని తెలుగులో చెబుతుంటే నాలుక మీద ఏదో జిగట అంటుకున్నట్టు అనిపించింది.

కొన్నాళ్ళకు ఆమె కుంటుతూ వచ్చింది. చీలమండ మీద బొబ్బ లేచి పగిలి, మధ్యలోంచి తెల్లటి దారం కొసలాంటిది బయటికి వేలాడుతోంది. డాక్టరమ్మ చూసి, "నారి కురుపు" అని తెలుగులోనే అంది. ఆ మాట ఆమెకు బాగా వచ్చు. అది పురుగు. మూరకు పైగా పొడవుంటుంది. మాంసం కింద నెలల తరబడి పెరిగి, కాలు చీల్చుకుని బయటికి వస్తుంది. లాగితే తెగిపోతుంది, తెగితే లోపల కుళ్ళి కాలు పోతుంది. డాక్టరమ్మ ఆ కొసను ఒక సన్నని పుల్లకు చుట్టి, రోజుకు కొంచెం కొంచెంగా తిప్పుతూ లాగాలని నాకు నేర్పింది. నేను పుల్ల తిప్పుతుంటే ఆ పురుగు సాగేది. వేళ్ళకు తడి తగిలేది. నేను కళ్ళు మూసుకోబోతే డాక్టరమ్మ, "చూస్తూ చెయ్యి," అంది.

తర్వాత ఒక గాజు గ్లాసులో మెట్ల బావి నీళ్ళు తెప్పించి, ఎండకు ఎత్తి పట్టి చూపించింది. నలకల్లాంటివి ఏవో నీళ్ళలో ఎగిరెగిరి పడుతున్నాయి.

"పుండు ఉన్నవాళ్ళు నీళ్ళలో కాలు పెడితే పురుగు తన పిల్లల్ని నీళ్ళలోకి వదులుతుంది. వాటిని ఈ నలకలు మింగుతాయి. ఈ నలకలను మనుషులు తాగుతారు. ఏడాదికి మళ్ళీ పురుగు బయటికి వస్తుంది," అంది. ఇది నేను అక్కకు తెలుగులో చెప్పాలి. చెప్పాను. చెబుతూనే, ఇన్నాళ్ళుగా నేను తాగిన చెంబులన్నీ కళ్ళ ముందు కదిలాయి.

"పుండు మానేదాకా బావిలో కాలు పెట్టకు. తాగే నీళ్ళు బట్టను నాలుగు మడతలు వేసి వడగట్టుకో. వాడలో అందరికీ చెప్పు," అన్నాను.

"నాలుగు మడతలెయ్య చీరె యాడుందమ్మా?" అని ఆమె తన కొంగు పైకి పట్టి చూపించింది. ఆ చిల్లుల్లోంచి అవతల ఆకాశం కనిపించింది. డాక్టరమ్మ తన మంచం దుప్పటి చింపి ఇచ్చింది. ఆనాటి నుంచి నేనూ, భాయ్ వడగట్టుకునే తాగాం. అక్క మాట నిలబెట్టుకుంది. ఇంటికి నీళ్ళు ఆమె అత్త తెచ్చేది, ఆమె పై మెట్టు దగ్గరే నిలబడేది.

అప్పుడు వాళ్ళ దేశం నుంచి సినిమా కెమెరా పట్టుకుని ఇంకొక దొర వచ్చాడు. మిషన్ పని ఎట్లా జరుగుతోందో బొమ్మ తీసి, వాళ్ళ దేశంలో చర్చిల్లో చూపించడానికి వచ్చాడు. వాడలో కొంతమంది బాప్తిస్మం తీసుకుంటామని అప్పటికే ఒప్పుకున్నారు. అందులో అక్క కూడా ఉంది. వచ్చే ఆదివారం మెట్ల బావిలో బాప్తిస్మం ఇస్తాను అన్నాడు పాదిరి దొర. వాళ్ళ సంఘంలో మనిషిని నిలువునా నీళ్ళలో ముంచి లేపడమే పద్ధతి.

శనివారం డేరాలో భోజనాల దగ్గర డాక్టరమ్మ చెంచా కింద పెట్టింది. నేను మూలన మందుల పొట్లాలు కడుతున్నాను.

"పుండ్లున్నవాళ్ళను ఆ నీళ్ళలోకి దింపొద్దు. వాళ్ళు తాగే నీళ్ళవి. కావాలంటే చెంబుతో తల మీద పొయ్యండి, లేదా మానేదాకా ఆగండి," అంది.

"చెంబుతో పోస్తే అది బాప్తిస్మం కాదు," అన్నాడు పాదిరి దొర.

"చూడ్డానికీ ఏమీ ఉండదు," అన్నాడు కెమెరా దొర. "నేను సోమవారం వెళ్ళిపోవాలి."

"వాళ్ళు తాగే నీళ్ళవి," అని ఆమె మళ్ళీ అంది.

పాదిరి దొర నోరు తుడుచుకుని, "మీకు మందులు పంపేది ఈ బొమ్మ చూడబోయేవాళ్ళే. అది మరిచిపోకండి," అన్నాడు. డాక్టరమ్మ కాసేపు డబ్బా మాంసాన్ని చెంచాతో అటూ ఇటూ నెట్టింది. తర్వాత తినసాగింది.

ఆదివారం ఎండ బాగా కాసింది. కెమెరా దొరకు సంతోషంగా ఉంది. వాడ జనమంతా గట్టు మీద చేరారు. పాదిరి దొర తెల్లని అంగీ వేసుకుని, మెట్లు దిగి, నడుము లోతు నీళ్ళలో నిలబడ్డాడు. నేను నడిమి మెట్టు మీద ఉన్నాను, అతని మాటలు తెలుగులో చెప్పడానికి. ఒక్కొక్కరే దిగి వెళ్ళారు. అక్క వంతు వచ్చింది. కాలికి కట్టుతో నా పక్క దాకా దిగి ఆగింది.

"కాలు తడపద్దంటిరి గదమ్మా. ఇప్పుడేమో దిగుమంటున్నరు. ఏది ఇనాలె?" అని నన్ను అడిగింది.

నేను ఆ ప్రశ్నను ఇంగ్లీషులో, గట్టు మీద ఉన్న డాక్టరమ్మకు కూడా వినబడేట్టు, గట్టిగా చెప్పాను. డాక్టరమ్మ నేల చూపులు చూసింది. పాదిరి దొర కింద నుంచి, "ప్రభువు పేరిట దిగే నీళ్ళు ఎవరికీ కీడు చెయ్యవని చెప్పు," అన్నాడు.

అది నా నోటితో చెప్పలేదు. "అక్కా, దొర దిగుమంటుండు. డాక్టరమ్మ వద్దన్నది, దొర ఇనలేదు. నువ్వు దిగితే ఈ నీళ్ళు తాగేటోళ్ళకు నీకయిందే అయితది. ఇగ నీ ఇష్టం," అన్నాను. గట్టు మీద అందరికీ వినిపించింది.

ఆమె నీళ్ళను చూసింది. "మా అత్తకు గూడ ఇప్పుడు గీ పుండు లేచింది, మా ఆయనకున్నది. వాళ్ళు దిగనే దిగిరి. నేనొక్కదాన్ని ఆగితే నీళ్ళు మంచిగయితయా?" అంది. తర్వాత గొంతు తగ్గించి, నాకు మాత్రమే వినిపించేట్టు, "గంత పెద్దమనిషి నన్ను రెండు చేతులతోని పట్టుకుంటడట. ఎవలు పట్టిన్రమ్మా నన్ను గట్ల? నాకు కావాలె," అంది.

దిగింది. దొర ఆమెను వెనక్కి వాల్చి ముంచి లేపాడు. ఆమె మొహం నీళ్ళతో మెరుస్తోంది, నవ్వుతోంది. అప్పుడు పైనుంచి కెమెరా దొర చెయ్యి ఊపుతూ అరిచాడు. మబ్బు అడ్డం వచ్చిందట, ఆ బొమ్మ సరిగా రాలేదట, ఇంకొకసారి ముంచాలట. పాదిరి దొర నా వైపు చూశాడు, చెప్పమన్నట్టు. నేను మెట్టు మీద కూర్చుండిపోయాను. నోరు విప్పలేదు. వాళ్ళు భాయ్‌ని పిలిచారు. భాయ్ లారీ బానెట్ ఎత్తి అందులో తల పెట్టాడు, వినబడనట్టు. చివరికి కెమెరా దొర చేతులతోనే సైగ చేశాడు. మబ్బు పోయేదాకా ఆమెను నీళ్ళలోనే నిలబెట్టి, పాదిరి దొర మళ్ళీ అవే మాటలు అంటూ మళ్ళీ ముంచాడు. ఈసారి ఆమె నవ్వలేదు. ఆమె కాలి కట్టు ఊడి, పసుపు రంగు మరకతో నీళ్ళ మీద తేలుతూ నా మెట్టు దాకా వచ్చింది. నేను దాన్ని పుల్లతో పైకి తీశాను.

పాదిరి దొర పైకి రాగానే పటేలు బావి నుంచి తెచ్చిన నీళ్ళు బకెట్లతో సిద్ధంగా ఉన్నాయి. అక్కడే పై మెట్టు మీద నిలబడి, కార్బాలిక్ సబ్బుతో చేతులు, మెడ, మొహం గట్టిగా రుద్దుకుని కడుక్కున్నాడు. ఆమెను పట్టుకున్న చేతులు. ఆ సబ్బు నురుగు మెట్ల మీది నుంచి కారుకుంటూ బావిలోకే పోయింది. పొద్దు వాలే వేళకు ఆడవాళ్ళు కుండలు తీసుకుని నీళ్ళకు వచ్చారు. ఇంకెక్కడికి వెళ్తారు?

"మీరెందుకు ఊరుకున్నారు?" అని డాక్టరమ్మను అడిగాను.

"నాకు మందులు కావాలి," అంది. ఆ జవాబు నాకు దొర సబ్బు నురుగు కన్నా రోత పుట్టించింది. ఎందుకంటే అతని నుంచి నేనేమీ ఆశించలేదు.

శాలిబండకు వచ్చాక పని మానేస్తానని బాపుతో చెప్పాను. అంతా విని ఆయన, "మందుల పని నేర్సుకుంటివి గద. అది దొరది గాదు, నీది. వానికి మాటలు చెప్పుడు బంద్ చెయ్యి," అన్నాడు. అట్లాగే చేశాను. ప్రసంగాలకు ఇంకొకరిని చూసుకోమన్నాను. డాక్టరమ్మ సరే అంది. కొన్నాళ్ళకు పాదిరి దొర సెలవు మీద వాళ్ళ దేశం వెళ్ళాడు. వాళ్ళ సంఘాలకు చూపించడానికి ఆ బొమ్మను వెంట తీసుకువెళ్ళాడు.

మరుసటి ఏడు, చలి ఇంకా మొదలు కాకముందు, నా ఎడమ పాదం మీద మంట పుట్టింది. అమ్మ ముల్లు విరిగిందేమో అని పసుపు పెట్టింది. మంట తట్టుకోలేక కొట్టంలోకి వెళ్ళి బర్రెల నీళ్ళ తొట్టిలో కాలు ముంచాను. ప్రాణం లేచి వచ్చినట్టయింది. కాసేపటికి ఆ చల్లదనంలోనే సంగతి తట్టి కాలు పైకి తీశాను. బొబ్బ పగిలి ఉంది. మధ్యలో తెల్లని కొస. నా ఒంట్లో, నా నెత్తురు తాగుతూ, ఇన్ని నెలలు నేను తిన్నదంతా తిని పెరిగిన పురుగు. చెప్పలేనంత అసహ్యం వేసింది. ఆ కాలు నాది కాకుంటే బాగుండుననిపించింది. బాపుతో తొట్టి నీళ్ళన్నీ గల్లీ మోరీలో పారబోయించాను.

డాక్టరమ్మ రోజూ మా ఇంటికి వచ్చేది. కొట్టంలో, పేడ అలికిన నేల మీద, గౌను మడిచి కూర్చుని నా పాదాన్ని ఒడిలో పెట్టుకునేది. పుల్ల నెమ్మదిగా తిప్పేది. ఒకరోజు తిప్పుతూ తిప్పుతూ తనంతట తానే చెప్పింది. ఆ బొమ్మను వాళ్ళ దేశంలో చాలాచోట్ల చూపించారట. సరిగా రాలేదన్న మొదటిసారి బొమ్మనే చివరికి అందులో ఉంచారట. అక్క నీళ్ళలోంచి నవ్వుతూ లేచిన చోట ఆడవాళ్ళు ఏడ్చారట.

"మందులు వచ్చినయా?" అని అడిగాను.

"వచ్చాయి."

ఆమె చెయ్యి ఆగింది. "ఇది ఆరోజుది కాదేమో, వడగట్టకముందు తాగిన నీళ్ళదేమో. కానీ ఆరోజు నేను మెట్లకు అడ్డంగా నిలబడాల్సింది," అంది. కన్నీటి చుక్క ఆమె ముక్కు చివర దాకా వచ్చి వేలాడింది, నా పాదం మీద పడుతుందేమోనని కాలు జరుపుకున్నాను. ఆమెకు అది తెలిసింది. మణికట్టుతో తుడుచుకుని, మళ్ళీ పుల్ల అందుకుంది.

పురుగు మొత్తం బయటికి వచ్చి నా కాలు మానాక, ఆమె భాయ్‌ని పిలిచి ఒక తాపీ మేస్త్రీని చూడమంది. భాయ్ బామ్మర్దే శాలిబండలో మేస్త్రీ. ఆ బావి మెట్లు గోడ కట్టి మూసేసి, పైన గిలక వేయాలని ఆమె ఆలోచన. మిషన్‌కు కొత్తగా వచ్చిన పాదిరి ఆ మాట విని, "మెట్లు మూస్తే బాప్తిస్మాలు ఎక్కడ ఇవ్వాలి?" అని అడిగాడు. ఆయన స్నానానికి వాళ్ళ దేశం నుంచి తెచ్చుకున్న పెద్ద రేకు తొట్టి వరండాలో ఉంది.

"మీ తొట్టిలో," అంది డాక్టరమ్మ. ఆయనకు కోపం వచ్చింది. ఆమె లెక్కచెయ్యలేదు. సున్నం, సిమెంటు, గిలక లారీకి ఎక్కించుకుని మేం నలుగురం బయల్దేరాం.

వాడలోకి వెళ్ళేసరికి కోతల కాలం. పొలంలో ఉండాల్సిన మనుషులు మంచాల్లో ఉన్నారు. ఎక్కడ చూసినా కాలికి పుల్ల కట్టుకుని, ఈగలు తోలుకుంటూ పడుకున్నవాళ్ళే. చిన్నపిల్లల కాళ్ళకు కూడా. చీము వాసన వాడ మొదట్లోనే ముక్కుకు తగిలింది. భాయ్ లారీ ఆపి, తల పట్టుకుని కాసేపు దిగలేదు. "యా అల్లా, వీళ్ళు గీ నీళ్ళే తాగుతున్నరా ఇంకా?" అన్నాడు.

అక్క మంచంలో లేదు, నిలబడే ఉంది. కానీ కురుపు మానేటప్పుడు నరం పట్టుకుపోయి మడమ నేలకు ఆనడం లేదు. మునివేళ్ళ మీద, కట్టె ఊతంతో నడుస్తోంది. అత్త చనిపోయిందట. పురుగు తెగి, కాలు కుళ్ళి. పుండు మీద వేపాకు రుబ్బి కడుతూ ఉన్నారట.

మేస్త్రీ పని మొదలుపెట్టాడు. వాడలో నడవగలిగినవాళ్ళంతా రాళ్ళు అందించారు. బావి నీళ్ళు తోడి పోశారు. అడుగున బురదలో కుండ పెంకులు, కుళ్ళిన గుడ్డలు, తెల్లగా ఉబ్బిన ఎలుకలు. ఒక్కొక్కటి పైకి వస్తుంటే జనం వాటిని చూసి పక్కకు తిరిగారు. కొంతమంది ఉమ్మేశారు. పటేలు ఒకసారి గట్టు దాకా వచ్చి, మాదిగోళ్ళకు గిలక బావి ఎందుకని అడిగాడు. డాక్టరమ్మ అతనికి ఏం చెప్పాలో నాకు చెప్పింది. నేను ఆమె అన్నదానికి మించి ఒక్క మాటా కలపలేదు. "మీ పొలంల కైకిలికి వచ్చేది వీళ్ళే గద. వీళ్ళు పండుకుంటే మీ పంట ఎవలు కోస్తరు?" అంతే. అతను తన పొలం వైపు చూసి వెళ్ళిపోయాడు.

గోడ కట్టడం అయ్యాక, గిలకకు తాడు వేస్తుండగా, అక్క నా పక్కన వచ్చి కూర్చుంది. నా పాదం మీది మచ్చ చూసి, "నీకు గూడ అయిందా అమ్మా?" అంది. అయిందన్నాను.

"అక్కా, ఆ దొర మీద కోపం లేదా నీకు?"

"ఎందుకుండదు? మస్తుగున్నది. ఒకసారి ముంచితే అయిపోవు గద. బొమ్మ కోసం రెండోసారి ముంచిండు. నన్ను పట్టుకున్న చేతులు గట్ల రుద్దుకుంటుంటే సూసిన నేను. సూడలేదనుకున్నవా?" ఆమె కట్టెతో నేల మీద ఒక గీత గీసింది. "గానీ దేవుణ్ణి ఇడిచిపెట్టలే. దొర నాతోని పెంట ఎత్తిపిచ్చిండు. దేవుడు ఎత్తుమనలే."

"కొత్త పాదిరి పక్క ఊర్ల డేరాలేసిండట గద, ఆయనకు ఎత్తుతున్నవా?"

"లేదు. రమ్మని మనిషి వచ్చిండు మొన్న. బాప్తిస్మం తీసుకున్నోళ్ళం అందరం ఒక్కటే అన్నరు గద, ఇగ వంతులేసుకోమను అని చెప్పి పంపిన."

భాయ్ విని పెద్దగా నవ్వాడు. నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు. ఆమె హాస్యానికి అనలేదు.

కొత్త పాదిరీ అదే గిన్నె ఎత్తడానికి మనిషిని పంపాడని విన్నాక, జహనుమాకు తిరిగి వచ్చిన వారంలోనే నేను మిషన్ పని మానేశాను. డాక్టరమ్మ నన్ను ఆపలేదు. అఫ్జల్‌గంజ్ అవతల ఒక ఆసుపత్రిలో కట్లు కట్టే పనికి నన్ను తీసుకోమని ఆమే వెళ్ళి అడిగింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు అక్కడే పని చేశాను. ఎన్నో పుండ్లు కడిగాను. ఏ పుండూ నాకు రోత పుట్టించలేదు. మెట్ల మీద కారిన ఆ సబ్బు నురుగు గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ చేతిలోని అన్నం ముద్ద కింద పెట్టేస్తాను.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆ పాత పాదిరి దొర మళ్ళీ హైదరాబాదు వచ్చాడని భాయ్ చెప్పాడు. ప్రసంగాలు తెలుగులో చెప్పడానికి మనిషి దొరకడం లేదట, నన్ను రమ్మని అడిగాడట.

"ఏం చెప్పమంటవ్ చెల్లె?" అన్నాడు భాయ్, పాల గిన్నె పట్టుకుని మా గుమ్మంలో నిలబడి.

"రానని చెప్పు," అన్నాను. "ఎందుకని అడిగితే, ఆ వాడకు పోయి అడగమను."